ఫోనులో అనుమతి ఇచ్చింది ఎవరు?

కిందటి వేసవిలో ఇంటిపన్ను రసీదు కోసం మా విభాగ కార్యాలయానికి ఒక పెద్దావిడ వచ్చారు. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతూ, షోలాపూరు తూర్పు భాగంలో రెండు గదుల సొంత ఇల్లు సంపాదించుకున్న మనిషి. రసీదును ఈమెయిల్‌కు పంపుతామని గుమాస్తా చెబితే, తన ఈమెయిల్ ఏదో చూడమని ఫోను నా చేతికిచ్చారు. అందులో నమోదై ఉన్న ఖాతా ఆమె పేరున లేదు. ఆమెకు తెలిసినవారెవరి పేరునా లేదు.

"ఇది ఎవరి పేరమ్మా?" అని అడిగాను.

"షాపుల పిల్లగాడు ఏదో ఏసిండు బిడ్డా. ఫోను నడుస్తుంది గదా!"

ఫోను నడుస్తూనే ఉంది, మూడేళ్లుగా. ఆ మూడేళ్లలో ఆమె తీసిన మనవరాలి ఫొటోలు, సిద్దిపేటలోని అక్కచెల్లెళ్ల నంబర్లు, యూట్యూబులో చూసిన భజనలు అన్నీ ఆమె దగ్గర తాళంచెవి లేని ఒక గదిలో చేరుతూ వచ్చాయి. కొత్త ఫోనును మొదటిసారి తెరిచినప్పుడు తెర మీద వరుసగా ప్రశ్నలు వస్తాయి. ఈ నిబంధనలకు అంగీకరిస్తున్నారా, మీరున్న చోటును తెలుసుకోవచ్చునా, మీ వివరాల నకలును మా దగ్గర భద్రపరచమంటారా అని. ఆ ప్రశ్నలన్నింటికీ ఆమె తరఫున 'సరే' అన్నది దుకాణంలోని కుర్రవాడు. అతనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వెనుక మరో నలుగురు నిలబడి ఉంటారు, అతని పని ఫోను నడిచేటట్లు చేయడం. మన నగరంలో ఇంగ్లీషులోనో మరాఠీలోనో కనిపించే ఆ ప్రశ్నలను చదివి ఆమెకు తెలుగులో చెప్పడం అతని పనిగా ఎవరూ చెప్పలేదు.

ఇటువంటి ఫోను మన తూర్పు భాగంలో ఒక్కటే ఉంటుందని నేను అనుకోవడం లేదు. అందుకే ఈ సంచికలో పన్నులు, నీటి కుళాయిల సంగతులతో పాటు ఈ విషయమూ వివరించాలనుకున్నాను.

ముందుగా ఖాతా అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. ఫోను తయారుచేసే కంపెనీ ఏదైనా, ఆండ్రాయిడ్‌ను నడిపించేది గూగుల్. ఫోనులో ఒక గూగుల్ ఖాతా తెరిస్తే ఆ ఒక్క పేరు కిందికే మ్యాపు, యూట్యూబు, మనం వెతికిన మాటలు, కొత్త యాప్‌లు దించుకునే ప్లే స్టోరు, పరిచయస్తుల నంబర్లు వచ్చి చేరతాయి. ఇవి ఉండేది ఫోనులో మాత్రమే కాదు, కంపెనీ సర్వర్లలో కూడా. దీనివల్ల మేలు లేకపోలేదు. ఫోను మూసీలో పడినా, మగ్గాల షెడ్డులో ఎవరో కొట్టేసినా, కొత్త ఫోనులో అదే ఖాతా తెరిస్తే నంబర్లన్నీ తిరిగి వస్తాయి. అయితే ఆ మేలు ఖాతా పాస్‌వర్డు తెలిసినవారికే దక్కుతుంది. ఖాతాను తిరిగి పొందడానికి ఇచ్చిన నంబరు దుకాణం కుర్రవాడిదైతే, మన వివరాలకు యజమాని అతనే అవుతాడు.

ఇంత పెద్ద కంపెనీ ఆండ్రాయిడ్‌ను ఫోను తయారీదారులకు డబ్బు తీసుకోకుండా ఎందుకు ఇస్తున్నది? దాని మాతృసంస్థ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనల నుంచి వస్తున్నది. ఏ ప్రకటన ఎవరికి చూపాలో తెలియాలంటే మనుషుల గురించి తెలియాలి. అందుకోసమే అందరి చేతిలోనూ ఉండే వస్తువులో తన సేవలు ముందే అమరి ఉండడం దానికి అవసరం. ప్లే స్టోరు కావాలంటే గూగుల్ యాప్‌లన్నింటినీ మూకుమ్మడిగా ఫోనులో ముందే ఎక్కించాలని తయారీదారులకు షరతు పెట్టడం వంటి పద్ధతులను మన దేశపు పోటీ కమిషన్ 2022 అక్టోబరులో తప్పుపట్టి, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2023లో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టివేసినా జరిమానాను సమర్థించింది. మనకు ఇందులో గ్రహించవలసినది ఒకటే: పెట్టె విప్పేనాటికే ఫోనులో ఉన్న యాప్‌లు మనం ఎంచుకున్నవి కావు. ఆపిల్ ఫోన్లలో ఏర్పాటు వేరు, కంపెనీ వేరు. కాని ఖాతా లేకుండా ఫోను పూర్తిగా ఉపయోగపడకపోవడం అక్కడా ఉన్నదే.

ఇక మనం ఉన్న చోటు సంగతి. జీపీఎస్ ఆపివేస్తే ఫోనుకు మనమెక్కడున్నదీ తెలియదని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. చుట్టుపక్కల ఉన్న సెల్ టవర్లను బట్టి, ఇరుగుపొరుగు ఇళ్ల వైఫై పేర్లను బట్టి కూడా ఫోను తన చోటును లెక్కకట్టగలదు. రాత్రిపూట రోజూ ఏ చోట నిలకడగా ఉంటుందో అది ఇల్లు, పగలు ఎక్కడ ఉంటుందో అది పని చేసే చోటు అని ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. మనవంటి వలసదారుల విషయంలో ఇంకొంత తెలుస్తుంది. బతుకమ్మకో, పెళ్లికో ఏ ఊరికి వెళ్లివస్తున్నామో దానిని బట్టి మన పుట్టిల్లు తెలుస్తుంది. ఏ నెలలో ఏ ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లామో తెలుస్తుంది. ఒక్కొక్కటీ చిన్న సంగతే. ఒకచోట చేరిస్తే అది ఇంటివారికి కూడా తెలియని సంగతి కావచ్చు.

ఆపేశామనుకున్నది నిజంగా ఆగిందా అన్నది మరో ప్రశ్న. 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఒక పరిశీలన ప్రచురించింది. గూగుల్ ఖాతాలో 'లొకేషన్ హిస్టరీ'ని ఆపివేసినా, 'వెబ్, యాప్ యాక్టివిటీ' అనే మరో అమరిక తెరిచి ఉన్నంతకాలం మనం ఉన్న చోట్లు కొన్ని నమోదవుతూనే ఉన్నాయని అందులో తేలింది. ఆపడానికి ఒక మీట చూపించి, నమోదుకు రెండు దారులు ఉంచారన్నమాట. దీని మీద అమెరికాలోని 40 రాష్ట్రాలు జరిపిన విచారణ 2022 నవంబరులో 39.15 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. తరువాత ఆ కంపెనీ పద్ధతులు కొంత మారాయి; ప్రయాణాల చరిత్రను సర్వర్లలో కాక ఫోనులోనే ఉంచే ఏర్పాటును 2024లో తెచ్చింది. అయినా ఆ రెండో అమరికను విడిగా చూసుకోవలసిందే. ఖాతాలో 'డేటా, గోప్యత' అనే పుట తెరిస్తే అది కనిపిస్తుంది. అక్కడే పాత నమోదులు 3, 18 లేదా 36 నెలలకు వాటంతట అవే చెరిగిపోయేటట్లు పెట్టుకునే వీలు కూడా ఉన్నది. మూడు నెలలు ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. నాలుగో నెలలో మనకు వాటితో పనేమీ ఉండదు.

"మేము చీరల గురించి మాట్లాడుకున్నాం, గంటలో చీరల ప్రకటన వచ్చింది, ఫోను మా మాటలు వింటున్నది" అన్న అనుమానం నన్ను చాలామంది అడిగారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. యజమానికి తెలియకుండా మైకును తెరిచి మాటలు పంపుతున్న యాప్ వారికి దొరకలేదు. (కొన్ని యాప్‌లు తెర మీద జరుగుతున్నదాన్ని చిత్రించి ఇతరులకు పంపుతున్నాయని మాత్రం కనుగొన్నారు. అది వేరే కలవరం.) 'సిరి' వంటి పలుకు సహాయకుల సంగతి మరొకటి. వాటితో అన్న మాటల రికార్డులు కొన్నింటిని, నాణ్యత పరీక్ష పేరుతో గుత్తేదారు సంస్థల ఉద్యోగులు విన్నారన్న విషయం 2019లో బయటపడి, ఆపిల్ క్షమాపణ చెప్పుకున్నది.

మరి చీరల ప్రకటన ఎలా వచ్చింది? వినకుండానే తెలుసుకునే దారులు చాలా ఉన్నాయి. ప్రతి ఫోనుకూ ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది యాప్‌లు ఆ సంఖ్యను చూసి, ఇది ఫలానా ఫోనే అని పోల్చుకోగలవు. మీతో చీర గురించి మాట్లాడిన మరదలు అంతకు ముందే దాని కోసం తన ఫోనులో వెతికి ఉండవచ్చు. ఆమె మీ ఇంటి వైఫైలోనే ఉండవచ్చు. లేదా కిందటి నెల బట్టల దుకాణంలో బిల్లు వేసేటప్పుడు మీరు నంబరు చెప్పి ఉండవచ్చు. దుకాణాలు తమ ఖాతాదారుల నంబర్ల జాబితాను ప్రకటనల వేదికలకు ఇచ్చి, 'వీరికి మా ప్రకటన చూపండి' అని అడగగల ఏర్పాటు ఉన్నది. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని దుకాణాలు పట్టుబట్టడం సరికాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో సూచన జారీచేసింది. కనుక ఈసారి నంబరు అడిగితే, ఇవ్వనని నిస్సంకోచంగా చెప్పవచ్చు. వస్తువు ఇస్తారు, బిల్లూ ఇస్తారు.

ఆ గుర్తింపు సంఖ్యను ఆండ్రాయిడ్ 12, ఆ తరువాతి ఫోన్లలో సెట్టింగ్‌లలోని గోప్యత, ప్రకటనల విభాగంలో తొలగించవచ్చు. ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి, ఇతర కంపెనీల యాప్‌లలోను వెబ్‌సైట్లలోను మన వెంటపడాలంటే ప్రతి యాప్ ముందుగా అనుమతి అడగాలి. ప్రకటనలు ఆగిపోవు, మనలను అనుసరించడం తగ్గుతుంది.

వీటన్నింటికన్నా నాకు బరువుగా కనిపించే అనుమతి పరిచయస్తుల జాబితాది. మనం ఉన్న చోటు మనది. మన ఫొటో మనది. నంబర్ల జాబితా మనది కాదు. ఊళ్లోని మేనమామ, మగ్గాల షెడ్డు యజమాని, ఆశా కార్యకర్త, పిల్లల బడి పంతులు, వీరిలో ఎవరూ తమ పేరు, నంబరు ఫలానా యాప్‌కు ఇవ్వమని మనకు చెప్పలేదు. ఒక్క మీట నొక్కి మూడు వందల మంది తరఫున మనం 'సరే' అంటున్నాం. దుకాణం కుర్రవాడు ఆ పెద్దావిడ తరఫున అన్నట్లే.

దీని ఫలితం ఎంత దూరం పోగలదో 2020 చివరి నెలల్లో తెలంగాణ చూసింది. నిమిషాల్లో అప్పు ఇస్తామన్న యాప్‌లు ముందుగా పరిచయస్తుల జాబితాకు, ఫొటోలకు అనుమతి తీసుకున్నాయి. వాయిదా తప్పితే అప్పు తీసుకున్న మనిషికే కాక, ఆ జాబితాలోని బంధువులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసి 'ఇతను దొంగ' అన్నారు. ఫొటోలను వికృతంగా మార్చి పంపారు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు వసూళ్ల కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. 2022 సెప్టెంబరులో జారీ అయిన మార్గదర్శకాల ప్రకారం అప్పు ఇచ్చే యాప్ పరిచయస్తుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలు, ఫైళ్లను చూడరాదు. కెమెరా, మైకు, ఉన్న చోటు వంటివి గుర్తింపు ధ్రువీకరణ కోసం ఒక్కసారి మాత్రమే, స్పష్టమైన అనుమతితో వాడవచ్చు. కాబట్టి ఏ అప్పుల యాప్ అయినా మీ పరిచయస్తుల జాబితా అడిగిందంటే, అది నియమాలకు లోబడి నడిచేది కాదని అక్కడికక్కడే తెలిసిపోయినట్లే. ఆ ఒక్క ప్రశ్న వద్దే యాప్‌ను తీసివేయండి.

ఇంత చెప్పిన తరువాత కూడా "నా దగ్గర దాచుకోవడానికి ఏముంది?" అనేవారుంటారు. అనువాదకుడిగా ఇందులో కొంత తప్పు మా మాటదేనేమో అనిపిస్తుంది. ప్రైవసీకి మనం 'గోప్యత' అని వాడుతున్నాం. వినగానే ఏదో రహస్యం, ఏదో దాపరికం అన్న భావం వస్తుంది. ఆ మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు దాచడం ఒక అర్థం. కాపాడడం మరో అర్థం. రక్షకుడిని 'గోప్త' అనడం అందువల్లనే. ఇంటికి తలుపు పెట్టుకునేది లోపల దొంగసొత్తు ఉన్నదని కాదు. ఈ రెండో అర్థంలోనే గోప్యతను సుప్రీంకోర్టు గుర్తించింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఆ తీర్పు తరువాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వ సంస్థలకు అందులో ఉన్న మినహాయింపుల మీద విమర్శలున్నాయి. వాటిలో కొన్ని సమంజసమైనవే. కాని ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఎంతో పనికివచ్చే మాట ఒకటి ఆ చట్టం ఐదు, ఆరు సెక్షన్లలో ఉన్నది. మన వివరాలు తీసుకునే సంస్థ ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నదో తెలిపే నోటీసును, అనుమతి కోరే విన్నపాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. షెడ్యూలులో 22 భాషలున్నాయి; తెలుగు వాటిలో ఒకటి. ఈ హక్కు మనం నివసించే రాష్ట్రపు అధికార భాషతో ముడిపడి లేదు. మహారాష్ట్రలో, తమిళనాడులో, ఒడిశాలో ఉన్నా తెలుగులో చూపమని అడిగే హక్కు తెలుగువారిది. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవడం, ఇచ్చినంత సులువుగానే ఉండాలని కూడా చట్టం చెబుతున్నది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

ఈ చట్టపు నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027 మే నుంచి అమలులోకి వస్తాయని ఆ ప్రకటన చెబుతున్నది. అంతవరకు ఊరికే ఉండనక్కరలేదు. ఫోను సెట్టింగ్‌లలో భాషను తెలుగుకు మార్చుకుంటే అనుమతి కోరే పలకలు తెలుగులోనే కనిపిస్తాయి. కొన్ని తర్జుమాలు చదివి నవ్వు వస్తుంది, నిజమే. అయినా ఎందుకు నొక్కుతున్నామో తెలుస్తుంది. యాప్ ఏదైనా అడిగినప్పుడు, దాని పనికీ అది అడిగినదానికీ పొత్తు కుదురుతున్నదా అని చూడండి. మ్యాపుకు మీరున్న చోటు కావాలి. టార్చిలైటుకు మీ చుట్టాల నంబర్లు ఎందుకు? గుంత పడ్డ రోడ్డును ఫొటో తీసి ఫిర్యాదు చేసే పురపాలక యాప్‌కు కెమెరా, ఆ చోటు అవసరం. దానికి కూడా 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది చాలు. ఇది మా కార్యాలయానికీ వర్తించే మాటే. ఇదివరకే ఇచ్చేసిన అనుమతులను సెట్టింగ్‌లలోని 'అనుమతుల మేనేజర్'లో వరుసగా చూసి తీసివేయవచ్చు. తెర పైమూల పచ్చని చుక్క వెలిగితే ఆ క్షణంలో ఏదో యాప్ కెమెరానో మైకునో వాడుతున్నదని అర్థం.

అప్పుల యాప్‌ల బెదిరింపులు గాని, ఖాతాలో డబ్బు పోవడం గాని జరిగితే 1930కి వెంటనే ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, పోయిన డబ్బును దారిలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఆ పెద్దావిడ ఫోను సరిచేయడానికి మధ్యాహ్నం రెండు గంటలు పట్టింది. ముందు నంబర్లన్నీ ఫోనులో విడిగా భద్రపరిచాం. ఆమె పేరున, ఆమె నంబరుతో కొత్త ఖాతా తెరిచాం. పాస్‌వర్డును రేషన్ కార్డు వెనుక కాక, ఇంట్లో దాచే పుస్తకంలో రాసుకోమన్నాను. ప్రతి పలకనూ తెలుగులో చదివి వినిపించాను. ఫొటోల నకలు కంపెనీ దగ్గర ఉంచాలా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఉండనీ బిడ్డా, మనవరాలివి పోవద్దు" అన్నారు. ఉన్న చోటుకు మాత్రం వద్దన్నారు. పాత ఖాతాను ఫోను నుంచి తీసివేయగలిగాం గాని, దానిని మూసివేయడం కుదరలేదు. పాస్‌వర్డు దుకాణంలోని కుర్రవాడికీ గుర్తు లేదు. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తొలగించవచ్చునన్నది గూగుల్ 2023లో ప్రకటించిన నియమం. అంతవరకు ఆమె మూడేళ్ల ఫొటోలు, ఎవరిదో తెలియని ఆ పేరు కింద, అక్కడే ఉంటాయి.